బీమ్ కింద బెత్తెడు సందు

ఇంజనీరింగ్ ముగించి ఈ పునాదుల పనిలో చేరే పిల్లలు అప్పుడప్పుడు మద్రాసు రాయపురంలో మా ఇంటికి వస్తుంటారు. ఎవరు పంపుతారో తెలియదు. "మీ అనుభవాలు చెప్పండి సార్" అని ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చుంటారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఊరంతా గుంతలు తవ్వించి మట్టి చూసినవాడికి ఏం అనుభవాలుంటాయి? మోకాళ్ళు అరిగాయి. చెప్పిందే చెప్పి చెప్పి నోరు కూడా అరిగింది. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరైనా వస్తే ఈ కాగితాలు చేతిలో పెట్టి, కాఫీ ఇచ్చి పంపేస్తాను.

ఇందులో నా ప్రమోషన్ల సంగతి ఉండదు. అవి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు సంతోషపడ్డారు, అంతే. నేను రాయదలచుకున్నది చెంగయ్య మేస్త్రి గురించి. నా సంతకం వల్ల ఆ మనిషి పేరు పాడైంది. తప్పు ఆయనది కాదు. ఆ సంగతి తెలిసి కూడా నేను చాలా ఏళ్ళు నోరు మూసుకున్నాను. మిగతా కథంతా ఈ ఒక్క ముక్క సరిగ్గా చెప్పడం కోసమే.

ఉబ్బే మన్ను

మద్రాసు అంటే సముద్రపు ఇసుక అనుకుంటారు బయటివాళ్ళు. రాయపురం, తిరువొత్తియూరు వైపు ఇసుకే. పడమటికి పోతే వ్యవహారం మారుతుంది. అక్కడ చాలా పేటలు ఒకప్పటి వరిపొలాలు, చెరువు గర్భాలు. గడ్డపార దింపితే నల్లగా, సబ్బులా జారే బంకమన్ను వస్తుంది. మే నెల కత్తిరి ఎండల్లో అది నెర్రెలిచ్చి చెయ్యి దూరేంత సందులు పడుతుంది. దీపావళి వానలు మొదలయ్యాక అదే మన్ను నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఉబ్బేటప్పుడు తన మీద ఏముందో దానికి అక్కర్లేదు. ఇల్లుంటే ఇంటినే లేపుతుంది. పునాది అంటే ఇల్లు కుంగకుండా పట్టుకునేదని అందరికీ తెలుసు. లేవకుండా కూడా పట్టుకోవాలంటే ఎవరూ నమ్మరు.

పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. రెండు గాజు గొట్టాల్లో ఒకే తూకం పొడిమన్ను పోస్తాం. ఒకదాంట్లో కిరసనాయిలు, ఇంకోదాంట్లో నీళ్ళు. మర్నాటికి కిరసనాయిల్లోని మన్ను పోసినంతే ఉంటుంది. నీళ్ళలోది ఎంత పెరిగిందో చూస్తే దాని స్వభావం తెలిసిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు పొరపాటున ఎక్కువ పోశాననుకుని నేను మళ్ళీ మొదటినుంచి చేశాను.

మందు కూడా పాతదే. పన్నెండడుగులో అంతకంటే ఎక్కువో లోతుకి సన్నని గుంత తొలుస్తాం. అంత లోతున మన్నుకి ఎండా వానా తెలియదు, అది కదలదు. గుంత అడుగున ఉల్లిగడ్డలా వెడల్పు చేసి, ఇనుప కమ్మీలు దింపి, కాంక్రీటు పోస్తాం, దాన్నే పైల్ అంటాం. ఆ ఉల్లిగడ్డ లోపల పట్టుకుని ఉంటుంది కాబట్టి పైన మన్ను ఎంత గింజుకున్నా ఆ పైల్ లేచి రాదు. ఇలాంటి పైల్స్ తలలన్నీ కలుపుతూ బీమ్ పోస్తాం. గోడ ఆ బీమ్ మీద లేస్తుంది. అసలు కిటుకు ఇక్కడ ఉంది. బీమ్ నేలని తాకకూడదు. కింద బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ సందు వదలాలి. వానల్లో మన్ను ఆ సందులోకి ఉబ్బుతుంది, ఎండల్లో మళ్ళీ దిగిపోతుంది. ఇంటికి ఏమీ కాదు.

పెద్ద సారు

రాయపురంలో నేను చేరిన సంస్థ చిన్నది. మట్టి పరీక్షలు, పునాదుల డిజైన్లు. దాన్ని నడిపే ఇంజనీరుని అందరం పెద్ద సారు అనేవాళ్ళం. ముక్కు మీద కోపం. అయితే మట్టి ఆయనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియగా నేను చూడలేదు. తడి మన్ను అరచేతిలో పెట్టుకుని, పురికొసలా పేని, అది ఎక్కడ తెగుతుందో చూసి, ల్యాబ్ రిపోర్టు రాకముందే ఫలితం చెప్పేసేవాడు. నాకు మట్టిని చదవడం నేర్పింది ఆయనే.

మనుషులతో మాట్లాడకపోవడం నేర్పిందీ ఆయనే. "డ్రాయింగ్‌లో రాశావా? రాస్తే నీ పని అయిపోయింది. చదువుకోవడం వాళ్ళ పని" అనేవాడు. ఇల్లు కట్టుకునేవాళ్ళు ఏదైనా అడిగితే గడియారం చూసుకునేవాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పెద్ద ఇంజనీరంటే ఇలాగే ఉండాలి కాబోలనుకుని నేనూ గడియారం చూసుకోవడం మొదలుపెట్టాను.

మా సైట్లలో పైల్స్ పని చెంగయ్య మేస్త్రిది. నాకంటే పదేళ్ళు పెద్ద. తరతరాలుగా బావులు తవ్విన కుటుంబం, ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. చదువు లేదు. కానీ గుంత అడుగున ఉల్లిగడ్డ సరిగ్గా తెగిందో లేదో పైకొచ్చే మన్ను చూసి చెప్పేవాడు. "ఆడ ఇంకా మెత్తంగానే ఉండాది సార్, ఇంగ రెండడుగులు పోదాం" అంటే పోవాల్సిందే. ఆయన మాట కాదని పోకుండా ఆపిన ప్రతి చోటా మేమే తర్వాత తల పట్టుకున్నాం. చుట్టుపక్కల కాంట్రాక్టర్లు పైల్స్ పనికి మనిషి కావాలంటే మా ఆఫీసుకే వచ్చి అడిగేవాళ్ళు. మేము చెంగయ్య పేరు చెప్పేవాళ్ళం. ఆయన బతుకంతా ఆ పేరు మీదే.

మామ ఇల్లు

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నన్ను పెంచి చదివించింది మా మేనమామ. ఆయన జార్జి టౌన్‌లో ఒక పప్పుల మండీలో గుమాస్తా. ఇల్లంటే మండీ వెనక రెండు గదులు. గోడకి అవతల పప్పు మూటలు, ఇవతల మేము, మధ్యలో పందికొక్కులు. జార్జి టౌన్‌లో బతికినవాళ్ళకి వాటి గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒక్కోటి ఎంతుండేదంటే, పిల్లి కూడా పక్కకి తప్పుకునేది. ప్రతి ఆదివారం మామ పంచె ఎగగట్టి ఇంటి చుట్టూ కన్నాలు వెతికేవాడు. పగిలిన సోడా సీసాలు నలగ్గొట్టి, ఆ పెంకులు, ఇటుక ముక్కలు సున్నంలో కలిపి, కన్నంలో కూరి, రోకలితో దంచేవాడు. గాజు ఉంటే పందికొక్కు మూతి పెట్టదు. మండీల వీధిలో ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి. ఆ సున్నం కలిపినవాణ్ణి నేనే, చాలా ఏళ్ళు.

అలాంటి మామ మాధవరం అవతల ఒక స్థలం తీసుకున్నాడు. "ఒరే అబ్బయ్యా, ఇంట్లోనే ఇంజనీరు ఉండంగా నేను ఇంగెవుర్ని అడిగేది? నువ్వు ఏడ గుంత తీయమంటే ఆడ తీస్తాం" అన్నాడు. మన్ను చూశాను. అచ్చం ఆ బంకమన్నే. పరీక్షలు చేశాను, డిజైన్ చేశాను, పెద్ద సారు చూసి సంతకం పెట్టాడు. పైల్స్‌కి చెంగయ్యని పెట్టాను. నా మొదటి సొంత డిజైన్ అది. మామకి ఇల్లు, నాకు పేరు.

చెంగయ్య పని తప్పు పట్టడానికి లేదు. బీమ్ పోయడానికి కింద కట్టిన చెక్క పలకలు ఊడదీసిన రోజు మామ వచ్చి వంగి చూశాడు. మొహం మాడిపోయింది.

"ఏందిరా ఇది? ఇంటి కింద ఇంత బోలు వదిలేసినాడే?"

నేను గడియారం చూసుకున్నాను. "అది డిజైన్ మామా. అట్లే ఉండాల" అన్నాను.

అంతే చెప్పాను. అవతల ఇంకో సైట్‌కి పోవాలి. గాజు గొట్టాల సంగతి, వానల సంగతి చెప్పడానికి పది నిమిషాలు పట్టేది. పెంచిన మామకి పది నిమిషాలు ఇవ్వలేకపోయాను. ఆయన తల ఊపాడు. అర్థమై ఊపాడనుకున్నాను.

గృహప్రవేశం బాగా జరిగింది. పాలు పొంగించారు. అత్త ఏడ్చింది, సంతోషంతో. ఆ ఏడు వానలు పెద్దగా పడలేదు. మరుసటి ఏడు దంచికొట్టాయి. వానలు వెలిశాక అత్త నుంచి కబురొచ్చింది, దేవుడి గది తలుపు పడటం లేదని. వెళ్ళి చూస్తే తలుపొక్కటే కాదు, ప్రతి కిటికీ మూల నుంచీ గోడ మీదికి ఏటవాలుగా పగుళ్ళు. హాల్లో నేల మధ్యలో ఉబ్బెత్తుగా లేచింది. అత్త ఆ తలుపు ముందు కూర్చుని ఏడుస్తోంది, ఈసారి వేరే ఏడుపు.

సంతకం

మర్నాడు పెద్ద సారు వచ్చాడు. ఇంటి మూల బయటివైపు తవ్వించాం. బీమ్ కింద సందు లేదు. ఇటుక ముక్కలు, సున్నం, రాయిలా గట్టిపడి ఇంటి చుట్టూ కూరి ఉన్నాయి. మన్ను ఉబ్బింది, పోవడానికి చోటు దొరక్క బీమ్‌ని పైకి తోసింది. కారణం అంత స్పష్టంగా దొరికిన కేసు నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

చెంగయ్యని పిలిపించాం. మామ మండీలో ఉన్నాడు, అత్త లోపల ఉంది. పెద్ద సారు అరవడం మొదలుపెట్టాడు. బీమ్ పోసేటప్పుడు పలకలు కట్టడానికి బద్ధకించి రాళ్ళూ రప్పలూ కూరేసి దాని మీదే కాంక్రీటు పోసేసే మేస్త్రీలు ఉంటారు. ఇదీ అదేనని ఆయన తేల్చేశాడు. చెంగయ్య గుంత దగ్గర గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. చెయ్యి పెట్టి ఒక పెంకు లాగాడు. దాన్ని తిప్పి చూసి, తలెత్తి నావైపు చూశాడు.

"నేను పెట్టలేదు సార్" అన్నాడు.

"నువ్వు పెట్టకపోతే దేవుడొచ్చి పెట్టాడా?" అన్నాడు పెద్ద సారు.

చెంగయ్య పెంకుని మళ్ళీ గుంతలోనే పడేసి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

రిపోర్టు నేనే రాశాను. మేస్త్రి నిర్లక్ష్యం వల్ల బీమ్ కింద ఖాళీ ఉంచలేదు అని. సంతకం పెట్టాను. డిజైన్‌లో తప్పు లేదని పెద్ద సారు ఊపిరి పీల్చుకున్నాడు, నేనూ పీల్చుకున్నాను. నెలరోజులు పట్టింది ఆ కూరిందంతా పెకలించి తీయడానికి. ఆ నెలంతా మామా అత్తా మండీ వెనక పాత గదుల్లో ఉన్నారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి సందు కనబడకుండా బయట పలకలు కట్టి సిమెంటు పూసేశాం. "ఏందిరా తప్పు?" అని మామ అడిగాడు. "పునాదిలో మేస్త్రి పొరపాటు మామా" అన్నాను. మళ్ళీ అదే, అరముక్క జవాబు.

ఆ తర్వాత కాంట్రాక్టర్లు వచ్చి అడిగితే మేము చెంగయ్య పేరు చెప్పలేదు. ఆయన సంగతేంటని ఎవరైనా అడిగితే పెద్ద సారు చెయ్యి ఊపేసేవాడు. ఈ పనిలో అది చాలు. ఏడాది తిరక్కుండా ఆయన ఎక్కడో డ్రైనేజీ గుంతలు తవ్వుతున్నాడని విన్నాను. విని, అయ్యో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అనుకోవడంతో సరిపెట్టుకున్నాను.

గాజు పెంకులు

పన్నెండేళ్ళ తర్వాత మా బంధువుల్లో ఒకరి గృహప్రవేశం. భోజనాలయ్యాక కొత్తింటివాళ్ళకి మామ సలహాలు చెబుతున్నాడు. నేను పక్కనే ఆకు వక్క నములుతున్నాను.

"ఈ మేస్త్రీలు ఉండారే, తొందరలో బీమ్ కింద బోలు వదిలేస్తారు" అన్నాడు మామ. "దాన్ని మనమే చూసుకోవాల. నేనైతే పాలు పొంగించే ముందర నాలుగు దినాలు, మీ అత్తా నేనూ కూసోని, గాజు పెంకులు సున్నంలో కలిపి ఇంటి చుట్టూ దంచి దంచి మూసినాము. పాపం మేస్త్రికి చీవాట్లు పడతాయని ఎవురికీ చెప్పలా. ఈ పొద్దుకీ మా ఇంట్లోకి ఒక్క పందికొక్కు రాలే, తెలుసా?"

నోట్లో ఉన్నది మింగలేదు, ఉమ్మలేదు.

పిల్లలూ, ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ రోజు గుంతలో గాజు పెంకులు నాకు కనబడలేదా? కనబడ్డాయి. ఎండకి తళుక్కుమన్నాయి కూడా. గాజూ సున్నం కలిపి కన్నాలు పూడ్చిన ఇంట్లో పెరిగినవాణ్ణి. బావులు తవ్వే మేస్త్రి గాజు పెంకులు ఎందుకు కూరతాడని ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు. ఆలోచించలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా అంటే, ఇన్నేళ్ళు నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. రెండోదే అనిపిస్తుంది.

పోనీ, తెలిశాక అయినా ఏం చేశాను? మామకి చెప్పాలంటే, నీ ఇంటిని నీ చేతులతో నువ్వే పగలగొట్టుకున్నావని చెప్పాలి. ఆఫీసులో చెప్పాలంటే నా రిపోర్టు తప్పని చెప్పాలి. చెంగయ్యకి చెప్పాలంటే ఈ రెండూ చెప్పాలి. మొహం చెల్లలేదు. రేపు చూద్దాం అనుకున్నాను. ఆ తర్వాత పెద్ద సారు పోయాడు, ఆఫీసు మూతపడింది, నేను ఇంకో చోట చేరాను. మామా అత్తా కూడా పోయారు. నన్ను ఆపడానికి ఎవరూ మిగల్లేదు. అయినా వెళ్ళలేదు. ఇది ఎవరి తప్పో వేరే చెప్పక్కర్లేదు.

ఎన్నిసార్లని చెప్పను

ఒక్క పని మాత్రం మార్చుకున్నాను. ఆ తర్వాత ఏ సైట్‌కి పోయినా రెండు గాజు గొట్టాలూ సంచిలో వేసుకుని పోయేవాణ్ణి. ఇంటివాళ్ళని కూర్చోబెట్టి చూపించేవాణ్ణి. ముఖ్యంగా ఆడవాళ్ళకి. ఇంటి చుట్టూ నీళ్ళు ఎక్కడ పోయాలో, ఏ కన్నం మూయాలో నిర్ణయించేది వాళ్ళే.

విన్నారా అంటే కొందరు విన్నారు. నెత్తీ నోరూ బాదుకున్నా ఈశాన్యం మూలలో గోడకి ఆనించి నీళ్ళ తొట్టి కట్టినవాళ్ళు ఎందరో. వాస్తు అన్నారు. ఈశాన్యంలోనే కట్టుకోండి స్వామీ, గోడకి పది అడుగులు దూరంగా కట్టుకోండి అన్నాను. స్థలం లేదన్నారు. తొట్టి కారింది, మూల లేచింది. ఈశాన్యం ఎత్తయితే వాస్తు ప్రకారం అరిష్టమట, ఇప్పుడేం చేయాలని నన్నే అడిగారు. ఇంకొకాయన స్నానాల గది నీళ్ళు గోడ పక్కనే అరటి చెట్లకి వదిలాడు. అరటి గెల చూపించి మురిసిపోయాడు, పగిలిన గోడ నేను చూపించేదాకా చూడలేదు. ఒకావిడ గోడని రాసుకున్నట్టు వేప మొక్క నాటింది. అది పెరిగి, ఆ వైపు తడంతా తాగేసి, ఎండల్లో ఆ మూల కుంగింది. చెట్టు కొట్టడానికి ఆవిడ ఒప్పుకోలేదు. నేనూ గట్టిగా చెప్పలేదు, నిజం చెప్పాలంటే ఆ నీడలో కూర్చునే కాఫీ తాగాను.

అలసిపోయాను. మన్ను గురించి తెలియని కొత్త సంగతి ఒక్కటీ లేదు. తెలిసిన సంగతి పక్క మనిషికి చేరడం లేదు, అంతే.

తిరువొత్తియూరు

పోయిన వానల తర్వాత, మాధవరం అవతల ఒక వీధిలో ఇళ్ళన్నీ పగిలాయి, వచ్చి చూడమని పిలిచారు. మోకాళ్ళు వద్దన్నాయి. వెళ్ళాను. పదమూడు ఇళ్ళు చూశాను. పన్నెండింట్లో పగుళ్ళు. ఒక్క ఇంట్లో గీత కూడా లేదు. ఆ ఇల్లావిడ మన తెలుగావిడే. బీమ్ దగ్గర బయటి పలక తీయించి చూస్తే సందు శుభ్రంగా ఉంది.

"మీకెవరమ్మా ఇది మూయకూడదని చెప్పింది?" అన్నాను.

"మా మేస్త్రి సార్. పాలు పొంగించే ముందర నన్ను ఈడ కూసోబెట్టి, బీమ్ కింద చెయ్యి పెట్టిచ్చినాడు. 'ఇది మన్ను ఒళ్ళు విరుచుకునే చోటమ్మా, దీన్ని మూసినావంటే నీ గోడ పగుల్తాది. మీ ఇంట్లో పెద్దోళ్ళకి గూడా చెప్పు' అన్యాడు. దేవుడి మీద ఒట్టు పెట్టించుకున్యాడు. ఆయన కట్టిన ఏ ఇంట్లోనైనా ఇదే మాదిరి అంట సార్. రొంబ చాదస్తం అనుకుంటి అప్పుడు."

మేస్త్రి పేరు అడిగాను. అడగకముందే తెలుసు. చెంగయ్య. ఇప్పుడు పని మానేసి తిరువొత్తియూరులో ఉంటున్నాడట. నేను మామకి చెప్పని మాటని, ఆయన ఎక్కడో చిన్న చిన్న పనులు పట్టుకుని, ఇంటింటికీ చెప్పుకుంటూ వచ్చాడు.

ఆ ఆదివారమే రైలెక్కి వెళ్ళాను. సన్నని వీధి చివర ఒంటిగది ఇల్లు. బయట ప్లాస్టిక్ కుర్చీలో చెంగయ్య. బాగా ఎండిపోయాడు. గుమ్మం పక్కన ఆయన భార్య మునెమ్మ నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతోంది.

"రాయపురం సారు గదా" అన్నాడు చూడగానే. లేవబోయాడు, నేను వద్దన్నాను.

నిలబడే చెప్పాను. "మేస్త్రీ, ఆ సందు మూసింది మీరు కాదు. మా మామ. నాకు తెలిసి పాతికేళ్ళు దాటింది."

"తెలుసు సార్" అన్నాడు ఆయన. "గాజు పెంకు చేతికి తగల్తానే తెలిసిపాయ. మేము గుంతలో దిగి పనిచేసేటోళ్ళం, గాజు ఏడుంటే ఆడ కాలు పెట్టం. గాజు కూరేది మండీలోళ్ళు. పెద్దాయన చేతి పని అది."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పేది? లోపల మీ అత్త ఏడస్తా ఉండె. పెద్దాయన ఆ ఇంటి మీదనే పానం పెట్టుకోనుండె. నీ ఇల్లు నువ్వే చెరుపుకున్యావని నా నోటితో అనేదా? మీరు ఉండారు గదా, ఆ ఇంట్లో పెరిగినోళ్ళు. మీకు తెలీకుండా ఉంటాదా? మెల్లింగా మీరే సారుకి చెప్పుకుంటారు లే అనుకుంటి. మీరే సంతకం పెట్టినారని విన్నాక, సరి, తెలిసే పెట్టినారు అనుకుంటి. ఈ పొద్దు దాకా అట్లనే అనుకోనుండా."

తెలిసి పెట్టలేదు అనబోయాను. "తెలుసుకోవాలని చూడలేదు మేస్త్రీ" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ తిరిగాయి.

"ఆ కాయితం ఇంకా ఉండాదా?" అన్నాడు.

"లేదు. ఆఫీసు మూసేశారు. కాగితాలన్నీ పాతసామాన్లవాడికి పోయాయి. ఉంటే తెచ్చి మీ ముందు చించేవాణ్ణి. ఏం చేయమంటారో చెప్పండి."

ఆయన భార్య వైపు గడ్డం ఊపాడు. "కాయితం పోతే పోనీ. దానికి చెప్పండి. నలపై ఏండ్లు నన్ను ఒక్క మాట అడగలా. నమ్మి అడగలేదో, నమ్మక అడగలేదో నాకు తెలీలా."

మునెమ్మ తలెత్తలేదు. నేను ఆమె ఎదురుగా మెట్టు మీద కూర్చుని చెప్పాను. మామ చేసింది, నేను చేసింది, చేయనిది. ఆమె ఒక్కో చేపా గిల్లుతూనే వింది. అంతా అయ్యాక గిన్నె పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"ఇంత మాట చెప్పేదానికి ఇన్నేండ్లా నాయనా?" అంది. "మా చిన్నబిడ్డని పెండ్లికి చూసేదానికి వచ్చినోళ్ళు మా ఇంట్లోనే కూసోని అడిగినారు, ఎవురి ఇల్లో పగలగొట్టినోడు మీ ఆయనే గదా అని. ఈయప్ప తల వంచుకోని కూసున్యాడు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని వీధిలోకి వెళ్ళి, ఇటూ అటూ గుమ్మాల్లోకి కేకలేసింది. ఆరేడుగురు ఆడవాళ్ళు, ఒక ముసలాయన, షాపు మూసుకుని ఒకతనూ వచ్చి నిలబడ్డారు. ఏమైందో అని అందరూ నావైపే చూస్తున్నారు.

"ఇంగోసారి చెప్పు నాయనా" అంది మునెమ్మ. "అరవంలో చెప్పు. ఈ వీధిలో అందురికీ తెలియాల."

లేచి నిలబడి అరవంలో చెప్పాను. మన్ను ఎందుకు ఉబ్బుతుందో, సందు ఎందుకు వదలాలో, చెంగయ్య ఎలా వదిలాడో, దాన్ని ఎవరు మూశారో. మా మామ అన్నాను. సంతకం నాది అన్నాను. గడియారం చూసుకోలేదు. బీమ్ కింద బెత్తెడు సందు అని చెయ్యి చాపి చూపిస్తుండగా వెనక నుంచి చెంగయ్య దగ్గి అడ్డు వచ్చాడు.

"నాలుగు వేళ్ళు కాదు సార్" అన్నాడు. "ఆ మన్ను చూసి, ఆ ఇంట్లో ఐదు వేళ్ళు వదిల్నా. చెప్పేది సరిగ్గా చెప్పండి."

బొటనవేలు కూడా కలిపి చెయ్యి చాపి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను.